కమాన్ల మేస్త్రి విప్పిన అడ్డరాడ్డు

వీధిలో అందరూ పిలిచే పేరు కమాన్ల మేస్త్రి. వయస్సు యాభై తొమ్మిది సంవత్సరాల నాలుగు నెలలు. ఈ వ్రాత వ్రాయువారికి ఆయనతో గల పరిచయం ఇరవై ఆరు సంవత్సరాలు. అది యావత్తూ ఒకే సందులో, ఎదురెదురు గుమ్మాలలో గడిచినది. ఇందులోని సంగతులు కొన్ని కళ్ళారా చూసినవి, తక్కినవి మేస్త్రి తానుగా చెప్పి, తిరిగి చదివించుకుని, రెండు చోట్ల సరిదిద్దించినవి.

మేస్త్రి పని ఎప్పుడూ బండి కిందనే. ఇంజను చప్పుడు బాగాలేదని ఎవరైనా వస్తే మాట్లాడకుండా పక్క షెడ్డు వైపు వేలు చూపిస్తారు. బండి తొట్టికీ చక్రాలకూ నడుమ ఉన్న సరంజామా మాత్రం ఆయన సొంత రాజ్యం. వెనక బరువు మోసే కమాను పట్టీలు, ముందు స్ప్రింగులు, ఊపును అణిచే షాకులు, వెనక రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా పోయే ఇనుప రాడ్డు, ఇవి తప్ప ఆయనకు వేరే లోకం లేదు. చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జారిపోతే భోజనానికి పిలిచేదాకా బయటికి రారు. తన బావ ముఖం కంటే అరికాళ్ళే వీధికి ఎక్కువ పరిచయమని ఆయన బావమరిది వచ్చేపోయే వారందరికీ చెప్పి నవ్వించేవాడు.

కొండ మీది రాతిగనికి పోయే దారి ఈ పనికి గట్టి పరీక్ష. మొదట తారురోడ్డు మీద పదకొండు మలుపులు వస్తాయి. పదకొండోది దాటగానే అర మైలు పొడవున గీత గీసినట్టు తిన్నగా పోయే ఎత్తు వస్తుంది. అక్కడ తారు లేదు, వదులు కంకర, గుంతలు, వాన పడితే బురద. మలుపులకు బండి గట్టిగా ఉండాలి, లేకపోతే ఒక పక్కకు ఒరుగుతుంది. కంకర ఎత్తుకు బండి మెత్తగా ఉండాలి, లేకపోతే ఒక చక్రం గుంతలో దిగినప్పుడు రెండోది నేలను వదిలి గాలిలో గిర్రున తిరుగుతుంది. మలుపులో బండిని నిలబెట్టే అడ్డరాడ్డే కంకర మీద చక్రం పట్టును ఊడగొడుతుంది. ఒకదాన్ని పెంచితే రెండోది తరుగుతుంది. ఈ రెంటికీ రాజీ కుదర్చడంలో ఆ చుట్టుపక్కల మేస్త్రిని మించినవారు లేరని గని దారి డ్రైవర్లు ఏకగ్రీవంగా ఒప్పుకునేవారు.

ఆ రాజీ కుదిర్చే పద్ధతి ఆయనకొక్కరికే చెల్లింది. పట్టీలు మార్చాక, రాడ్డు లావు చూసుకున్నాక, బండిలో ఎంతమంది పడతారో అంతమందినీ ఎక్కించి దారంతా తిప్పి తెచ్చేవారు. భార్య, బావమరిది, అతని భార్య, వారి అమ్మాయి తప్పనిసరి; మిగిలిన సీట్లకు వీధిలో ఎవరు ఖాళీగా దొరికితే వారు. షాకు కడ్డీకి ముందుగా గ్రీజు పూసి, తిరిగి వచ్చాక ఆ గ్రీజు ఎక్కడిదాకా తుడుచుకుపోయిందో చూసి, చక్రం ఎంత ఎగిరిందో లెక్కగట్టేవారు. ఎక్కినవారిని మాత్రం ఒక్కటే అడిగేవారు, ఎన్నో మలుపులో పక్కవారి మీద పడ్డారని. ఈ వ్రాత వ్రాయువారు కూడా మూడు పర్యాయాలు వెనక సీటులో కూర్చుని ఆ ప్రశ్నకు సమాధానం చెప్పియున్నారు.

బావమరిది గని దారిలో ఏడుగురు పట్టే బండి నడిపేవాడు. మేస్త్రి భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోయాక ఆమే పెంచింది. నోరు తెరిస్తే వేళాకోళమే అయినా స్టీరింగు ముందు కూర్చుంటే వేరే మనిషి. బండి పోవడం కంటే నడవడం నయమని ఎక్కినవారు సణిగేటంత నిదానం. అతని మీద అప్పటివరకు ఒక్క ఫిర్యాదు కూడా లేదన్నది రవాణా కార్యాలయపు రిజిస్టరులో నేటికీ చూడవచ్చును.

నిరుడు వానలు ముందుగా పట్టుకున్నాయి. కంకర ఎత్తు మీద అతని బండి చక్రం ఊరికే తిరగడం, ఎక్కినవారు దిగి బురదలో నడవడం రోజూ జరిగేది. ఒకనాడు గని కూలీలు దిగి బండిని తోశారు. వెనక వచ్చిన డ్రైవరు పాడె మోస్తున్నారా అని అడిగాడు. ఆ మాట బావమరిదికి ముల్లులా దిగింది. సాయంత్రం నేరుగా షెడ్డుకు వచ్చి, బండి కింద నుంచి కనిపిస్తున్న అరికాళ్ళతోనే మాట్లాడాడు.

“బావా, ఆ అడ్డరాడ్డు పీకెయ్.”

“పీకితే మలుపుల్లో తొణుకుతావు,” అన్నారు కింద నుంచి మేస్త్రి.

“నేనేమన్నా రేసులకి పోతున్నానా? మా అక్క నడక కంటే మెల్లగా నడుపుతా. ఆ ఎత్తు ఎక్కించు చాలు. నా బండిని నలుగురు తోస్తుంటే నీ పరువు కూడా అందులోనే ఉంది, చూసుకో.”

రెండు రోజులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. మూడోనాడు మేస్త్రి మెత్తబడ్డారు. రాడ్డును పూర్తిగా తీయలేదు. దాన్ని చక్రాల ఇరుసుకు పట్టి ఉంచే రెండు చిన్న లింకులు విప్పి, రాడ్డును పైకి తీగతో కట్టారు. ఒరుగుడు కొంతైనా ఆగుతుందని షాకులు గట్టివి వేశారు. ఇక ఎక్కించడానికి మనుషులు కావాలి. ఆ రోజు భార్యకు మోకాలు వాచి ఉంది. బావమరిది భార్య పనికి పోయింది, వారి అమ్మాయి పరీక్షలో ఉంది, వీధిలో వాన. నా కాలు విరిచి మరీ తిప్పుతారా, కావాలంటే ఇసుక బస్తాలు ఎక్కించుకోండి, అవైతే నోరెత్తవు అని భార్య మంచం మీద నుంచే కసిరింది.

ఆమె విసుగులో అన్న మాట మేస్త్రికి సబబుగా తోచింది. పక్క ఇల్లు కడుతున్నవారిని అడిగి ఇసుక తెచ్చి, బస్తాకు ఇంతని కాటాలో తూచి, ఏడుగురి బరువుకు ఒక వీసం ఎక్కువే ఉండేలా సర్దారు. సీట్ల మీద పెడితే జారిపోతున్నాయని వాటిని కాళ్ళు పెట్టుకునే చోట, నేల మీద, వరుసగా పేర్చారు. పైన సామాను పెట్టుకునే చట్రం ఖాళీగానే ఉంది. పదకొండు మలుపులూ మేస్త్రి స్వయంగా నడిపారు. బండి రోడ్డుకు అతికించినట్టు పోయింది. కంకర ఎత్తు మీద చక్రం ఒక్కసారి కూడా వృథాగా తిరగలేదు. పక్కన కూర్చున్న బావమరిది వెనక్కి తిరిగి చూసి, “బస్తాలు కూడా నీకు భయపడి కదలట్లేదు బావా,” అన్నాడు. ఇద్దరూ నవ్వుకుంటూ దిగివచ్చారు.

ఆ తరువాత మూడవ రోజు ఉదయం, గనిలో కూలీలు మారే వేళకు, ఏడుగురిని ఎక్కించుకుని, వారి సమ్మెటలూ గునపాలూ పైచట్రం మీద కట్టుకుని పోతున్న ఆ బండి తొమ్మిదో మలుపులో లోయ వైపు ఒరిగి పడిపోయింది. ముగ్గురికి ఎముకలు విరిగాయి. మిగిలిన నలుగురు గీతలతో బయటపడ్డారు. బావమరిది ఆసుపత్రికి చేరకముందే పోయాడు.

మేస్త్రి అక్కడికి చేరేసరికి వాన వెలిసింది. బండి తలకిందులై ఉంది. ఆయనకు అలవాటైన అడుగుభాగం ఆకాశం కేసి చూస్తోంది. వాలు పొడవునా సమ్మెటలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటిని చూస్తూ నిలబడ్డ క్షణంలోనే ఆయనకు తెలిసిపోయింది. బరువు సరిగ్గానే తూచారు, అది ఉండే ఎత్తును తూచలేదు. బస్తాలు నేల మీద పడుకుని ప్రయాణం చేశాయి. మనుషులు సీట్ల మీద కూర్చున్నారు, వారి నెత్తిన ఇనుము కూర్చుంది. పైబరువు పక్కకు లాగినప్పుడు ఆపవలసిన రాడ్డు అప్పటికి తీగకు వేలాడుతోంది.

విచారణకు వచ్చిన అధికారి అడుగుభాగం చూశారు. విరగనిదంటూ లేని ఆ ఇనుములో, ఊడిన రాడ్డు కూడా పడిపోవడంలో ఊడిందే అనుకున్నారు. మేస్త్రిని పిలిచి బండి కండిషను ఎలా ఉండేదని అడిగారు. పక్కన భార్య ఆయన భుజాన్ని రెండు చేతులతో పట్టుకుని, తమ్ముడి చొక్కా మడత ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మేస్త్రి బాగానే ఉందండి అన్నారు. ఆ రెండు మాటల కింద ఆయన చేత సంతకం పెట్టించుకున్నారు. నివేదికలో ప్రమాదానికి కారణం డ్రైవరు అతివేగము, అజాగ్రత్త అని వ్రాశారు.

అప్పటి నుంచి పదకొండు నెలలు మేస్త్రి గని దారి బండి ముట్టలేదు. ఊళ్ళో తిన్నని రోడ్ల మీద తిరిగే కార్లకు మాత్రం షాకులు మార్చేవారు. ఎవరినీ ఎక్కించి తిప్పేవారు కాదు. ఎముకలు విరిగిన ముగ్గురిలో ఒకరి తల్లి, మీ ఆయన తొందరే మా వాణ్ణి మంచాన పడేసిందని, నీళ్ళ పంపు దగ్గర బావమరిది భార్యను నలుగురిలో కడిగేసింది. ఆ సంగతి భార్య వచ్చి చెబుతుంటే మేస్త్రి పళ్ళెం ముందు నుంచి లేచిపోయారు. బావమరిది మీద బెంగ అనుకుని ఆమె మళ్ళీ పిలవలేదు.

పోయిన నెలలో బావమరిది కూతురు షెడ్డుకు వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. తండ్రి దగ్గరే డ్రైవింగు నేర్చి, లైసెన్సు తెచ్చుకుంది. ఒక పాత ఏడు సీట్ల బండి చూసి పెట్టుకుని, తండ్రి పేరనున్న గని దారి పర్మిటు తన పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టుకుంది. తండ్రి మీద అతివేగం నమోదై ఉన్నందున వీలుపడదని కార్యాలయం తిప్పి పంపింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పని బల్ల అంచున కూర్చుంది.

“పర్మిటు కోసం మళ్ళీ అడుగుతాలే మామయ్యా. నువ్వు ముందు బండి సంగతి చూడు. నాన్న బండికి ఎలా కట్టావో అలాగే కట్టు.”

మేస్త్రి చేతిలోని పానా కింద పెట్టారు, మళ్ళీ తీశారు.

“నాన్న స్పీడు పోడు,” అంది అమ్మాయి. “నేను పక్కన కూర్చుని ఎన్నిసార్లు తిట్టానో, సైకిళ్ళు దాటిపోతున్నాయి నాన్నా అని. నీకు తెలుసు కదా మామయ్యా. నాకూ నీకూ తప్ప ఎవరికీ తెలియట్లేదు.”

ఆయన రేపు రమ్మని చేత్తోనే చూపారు.

మరునాడు పొద్దున వంటగదిలో భార్య ఉల్లిపాయలు తరుగుతుండగా గడప దగ్గర నిలబడి మొత్తం చెప్పేశారు. విప్పిన లింకులు, కట్టిన తీగ, నేల మీద పరిచిన బస్తాలు, చెప్పిన అబద్ధం, ఏదీ మింగలేదు. ఆమె కత్తి ఆగలేదు. ఉన్న ఉల్లిపాయలన్నీ అయిపోయేదాకా తరిగి, చెయ్యి కడుక్కుంది.

“బస్తాలు పెట్టుకోమన్నది నేనే,” అంది.

“అన్నది నువ్వు. నేల మీద పెట్టింది నేను.”

“పదకొండు నెలలు నా పక్కన పడుకున్నారు.”

 ఆమె పొయ్యి వెలిగించి, గిన్నె పెట్టి, ఇటు తిరగకుండానే అంది: “వాణ్ణి పెంచినదాన్ని నేను. వాడి పేరు బాగుచేసి వచ్చాక నాతో మాట్లాడండి.”

ఆయన అటునుంచి అటే, అర్జీలు వ్రాసే ఈ వ్రాత వ్రాయువారి ఎదురు గుమ్మం ఎక్కారు. ఆనాడు విప్పి నూనె గుడ్డలో చుట్టి దాచిన రెండు లింకులూ నాలుగు బోల్టులూ బల్ల మీద పెట్టారు. పడిపోవడంలో ఊడినవైతే మరలు చెడి, బోల్టులు వంగి ఉండేవి. వీటి మరలు చెక్కుచెదరలేదు, పానాతో విప్పిన గుర్తు తలల మీద ఉంది. షెడ్డు అనుమతి రద్దు కావచ్చుననీ, అబద్ధపు సాక్ష్యానికి శిక్ష పడవచ్చుననీ, ఇంత వయసులో అది చిన్న సంగతి కాదనీ ఆయనకు విడమరిచి చెప్పడమైనది.

“గుమాస్తాగారూ, అవన్నీ నాకు రావాల్సినవే,” అన్నారు మేస్త్రి. “నాకోసం ఏమీ అడక్కండి. మంచివాణ్ణని కూడా రాయొద్దు.”

ఆయన కోరినట్లే ఆయన గుణగణాలను గురించి ఇందులో ఏమియు ప్రస్తావించలేదు.

కావున రవాణా శాఖ అధికారివారికి సవినయంగా మనవి చేయడమేమనగా: సదరు మేస్త్రి గతంలో ఇచ్చిన వాంగ్మూలము అసత్యమని తానే ఒప్పుకొనుచున్నందున దానిని రద్దు పరచి, ఆయనను తిరిగి విచారించవలసినది. దీనితో జతపరచిన లింకులను, బోల్టులను నిపుణులచే పరిశీలింపజేయవలసినది. మృతుడైన డ్రైవరు పేరున నమోదైన అతివేగము, అజాగ్రత్త అను మాటలను కొట్టివేసి, ఆ స్థానమున వెనక అడ్డరాడ్డు విప్పియుండుట కారణమనియు, విప్పినది సదరు మేస్త్రి అనియు వ్రాయవలసినది. ఆ మీదట మృతుని కుమార్తె దరఖాస్తును, ఆమె తండ్రిపై ఏ మచ్చయు లేనట్లుగా, మరల పరిశీలించవలసినదిగా ప్రార్థన.