ఓ, ఎల్, పీ ఉన్న మాటలు

1994 వేసవి. భిలాయిలో క్యాంప్ 1 సందుల్లో ఒక కిరాణా కొట్టు మేడ మీద మా టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఆరు మిషన్లు, ఒక్కటే ఫ్యాను. ఆ ఫ్యాను కింది మిషన్ కోసం పిల్లలు రోజూ కీచులాడుకునేవారు. నేను అక్కడ చాలా ఏళ్ళు టైపు నేర్పాను. ఎందరి వేళ్ళో నా చేతుల మీదుగా వెళ్ళాయి. కానీ ఈ పని గురించి ఎవరడిగినా నాకు ముందు గుర్తొచ్చేది అప్పలనాయుడే.

నన్ను పిల్లలు వెనకాల చండశాసనుడు అనేవారు. ముందరే అన్నా నేనేమీ అనుకునేవాణ్ణి కాదు. మిషన్ మీది అక్షరాలు చూస్తూ కొట్టేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండేది. టైపులో ఏ వేలి అక్షరాలు ఆ వేలివే, పక్క వేలు వాటి జోలికి పోకూడదు. మధ్య వరసను హోమ్ రో అంటాం. వేళ్ళు పైకి పోయినా కిందికి పోయినా మళ్ళీ అక్కడికే వచ్చి కూర్చోవాలి. అందుకని మొదటి రోజు ప్రతి ఒక్కరి వేళ్ళనూ నేనే పట్టుకుని, ఒక్కొక్కటిగా ఆ వరస మీద కూర్చోబెట్టేవాణ్ణి. పలక మీద చెయ్యి పట్టి ఓనమాలు దిద్దించినట్టన్నమాట.

అప్పలనాయుడిది చీపురుపల్లి వైపు పల్లె. నలభై దాటిన మనిషి, ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. ఒక ఆదివారం ఇంటి ముందు తన మోటార్ సైకిల్ గొలుసు తుడుస్తూ, రెండో చేత్తో చక్రం తిప్పాడు. గొలుసుకీ పళ్ళచక్రానికీ మధ్య పడి కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు మొదలంటా పోయాయి. ఇక క్రేన్ ఎక్కే వీల్లేదు. టైపు పరీక్ష పాసైతే ఆఫీసులో టైపిస్టు సీటు, లేకపోతే ఫైళ్ళు మోసే పని అన్నారు. పరీక్షకు నాలుగు నెలలుంది.

"ఫైళ్ళు మొయ్యడం తక్కువ పనని కాదు మేస్టారూ," అన్నాడు మొదటి రోజు. "పదిహేడేళ్ళు పైన కూకుని ఉక్కు మోసినోణ్ణి. ఇప్పుడు ఎవులు సూసినా 'అరెరె, బేచారా' అంటన్నారు. ఆ జాలి మాటొకటి యినలేకపోతన్నాను."

అతని ఎడమచేతి వేళ్ళను ఎప్పటిలాగే హోమ్ రో మీద కూర్చోబెట్టాను. కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. "అది నువ్వే వీలు చూసుకుని పెట్టుకో నాయుడూ," అని చెప్పి, పక్క మిషన్ రిబ్బన్ సరిచేసే నెపంతో అటు తిరిగాను.

ఉంగరపు వేలి అక్షరాలు ఓ, ఎల్. వాక్యం చివర పెట్టే చుక్క కూడా దానిదే. పీ చిటికెన వేలిది. ఆ రాత్రి కూర్చుని గొప్ప తెలివైన పని చేశాననుకున్నాను. ఈ మూడు అక్షరాలూ లేని ఇంగ్లీషు మాటలు ఏరి, అతనికి వేరే ఎక్సర్‌సైజులు తయారుచేశాను. బ్యాంక్, స్టాఫ్, వాటర్, మెషిన్, టికెట్. అలాంటివి పేజీలకు పేజీలు. నాయుడు కిక్కురుమనకుండా అవే కొట్టాడు. రెండు నెలలకు వేగం బాగా పెరిగింది. "శభాష్" అని నేనే మెచ్చుకున్నాను కూడా.

ఒక ఉదయం అతను మిషన్ ముందు కూర్చోలేదు. నేనిచ్చిన కాగితాలన్నీ నా బల్ల మీద పరిచాడు.

"నిన్న నా పేరు కొడదామని సూసినాను మేస్టారూ. పీలు రెండు, ఎల్లొకటి. సెయ్యి ఆగిపోనాది. ఇయన్నీ మళ్ళీ సూసినాను. ఆ అచ్చరాలు ఒక్క మాటలోనూ నేవు. ఒక్క సుక్క కూడా నేదు. ఏటిది?"

"నీకు కష్టమవుతుందని..."

"నాకు కష్టమని నాను సెప్పినానా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎవరికోసం చేశాననుకున్నాడు ఇదంతా? "టైపు నేర్పేది నేనా నువ్వా?" అని కసిరాను.

అతను గొంతు పెంచలేదు. "రిలీవర్ రాకపోతే మేం క్రేన్ దిగం మేస్టారూ. ఆడి షిఫ్టు కూడా మనమే లాగాల." రిలీవర్ అంటే మన షిఫ్టు అయ్యాక వచ్చి సీటు అందుకునే మనిషి. "పోయిన ఈ రెండు వేళ్ళకీ రిలీవర్లు మరి రారు. నడిమేలికి డబల్ డ్యూటీ ఎయ్యండి. అది సేస్తాది."

అంటూ జేబులోంచి చెయ్యి తీసి, నా ముందు బల్ల మీద పెట్టాడు.

రెండు నెలల్లో ఆ చేతిని నేను తిన్నగా చూడటం అదే మొదలు. అతనికి కష్టమని కాదు, నాకు చూడటం కష్టమై తప్పించుకున్నాను. సిగ్గుతో తల వంగిపోయింది. ఆ చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు పోయినచోట చర్మం పసిపిల్లల చర్మంలా మెత్తగా ఉంది. అతన్ని మిషన్ దగ్గరికి తీసుకెళ్ళి, నడిమి వేలివైన కే, ఐ కూడా చూపుడు వేలికి అప్పగించి, నడిమి వేలిని ఎల్ మీద కూర్చోబెట్టాను. ఓ, పీ, చుక్క అన్నీ ఇక దాని పనే. నా పద్ధతిని నేనే మొదటిసారి మీరాను.

ఆ రోజు నుంచి ఆ మూడు అక్షరాలూ కలిసి ఉన్న మాటల వేట మొదలుపెట్టాం. పీపుల్, పెట్రోల్, హాస్పిటల్, టెలిఫోన్, ప్రాబ్లమ్. బ్యాచ్ పిల్లలు కూడా చేతులు కలిపారు. "సర్, పోలీస్!" అని ఒకడు, "సర్, డిప్లొమా!" అని ఒక ఛత్తీస్‌గఢీ అమ్మాయి. నాయుడు రోజూ ఇంటి నుంచి కొత్త మాట తెచ్చేవాడు. పొద్దున్నే లేచి తలగడ చూసి "పిల్లో దొరికింది మేస్టారూ" అన్నప్పుడు క్లాసంతా నవ్వింది, అతనూ నవ్వాడు. రాసుకుంటూ పోతే ఎంప్లాయీ వచ్చింది, అప్లికేషన్ వచ్చింది, కంప్లయింట్ వచ్చింది. ఇవి లేకుండా ఏ ఆఫీసులో ఉత్తరం కదులుతుంది? కష్టం తప్పిస్తున్నానని, అతని కొత్త ఉద్యోగానికి కావలసిన మాటలే రెండు నెలలు దాచేశాను.

మొదట్లో ఆ నడిమి వేలు తడబడింది, వాచింది. వేడినీళ్ళలో ముంచుకుని వచ్చి మళ్ళీ కొట్టేవాడు. పరీక్షలో నిమిషానికి ముప్పై మాటలు కావాలి. గట్టెక్కాడు, పైగా రెండు మాటలు ఎక్కువే.

ఆ ఆదివారం పొద్దున భార్య రమణమ్మతో కలిసి వైశాలి నగర్‌లో మా ఇంటికి మిఠాయి తెచ్చాడు. నేను సీటు గురించి, ఆఫీసు గురించి అడుగుతుంటే, రమణమ్మ మధ్యలో ఆపింది.

"సీటు సంగతి అలగుంచండి మేస్టారూ. దెబ్బ తగిలిన కాణ్ణించి ఈయన ఎడంసేత్తో చమ్చా పట్టుకుని తినీవోరు. పిల్లల ముందర ఆ సెయ్యి తీసీవోరు కాదు. మీరు సెయ్యి పట్టుకుని మిషన్ మీద ఎట్టిన దినం ఇంటికొచ్చి, కంచంలో కుడిసెయ్యి ఎట్టి అన్నం కలుపుకున్నారు. నాను వంటింట్లోకి ఎల్లిపోయి ఏడిసేసినాను."

నాయుడు "ఊరుకోయే" అంటూ తల దించుకున్నాడు. ఆ తర్వాత ఎవరికి సాయం చేయబోయినా ముందు అడగడం నేర్చుకున్నాను. మొదటి రోజే ఆ చెయ్యి పట్టుకుని ఉంటే, ఆ మనిషి రెండు నెలల ముందే తన చేత్తో అన్నం తినేవాడు.