మామ మెచ్చిన పడవ

మొన్న చేర్యాల బస్సు కోసం నిలబడితే, ట్రాలీ మీద నీలం రంగు మోటారు పడవ ఒకటి పోతూ కనబడింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లెత్తి ఫొటోలు తీసుకున్నారు. నేను మాత్రం మొహం అటు తిప్పుకున్నాను. అది మా మామ వద్దన్న పడవే కావచ్చు, కాకపోనూ వచ్చు. నీలం పడవలన్నీ నాకిప్పుడు ఒకటే.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఆయన పొలం చంద్లాపూర్ దగ్గర రిజర్వాయర్లో మునిగింది. ఎడ్ల బేరాల్లో ఆరితేరిన మనిషి. పొలం పోయాక చేతులు ఊరుకోక, ఇంటిల్లిపాదినీ ఆ నీళ్ళ మీద తిప్పుతానని పట్టుబట్టాడు. అమ్మేవాడి దగ్గర రెండు పాత పడవలున్నాయి. రంగు, పొడుగు, ఇంజను అన్నీ ఒకటే. ఒకదానికి సీట్ల కింద థర్మాకోల్ దిమ్మలు కూరి ఉన్నాయి, రెండోదానికి ఖాళీ అరలు. తేడా అంతే. మామ ఎడ్లను చూసినట్టే చూశాడు. ముందూ వెనకా తిరిగి, పక్కలు చరిచి, గట్టు మీదే మమ్మల్నందరినీ ఎక్కించి అటూ ఇటూ ఊగమన్నాడు. నేల మీద ఏ పడవ కదులుతుంది, నా మొహం!

“గీ ఖాళీదే మంచిగున్నది. టిఫిన్లు, నీళ్ళ క్యాన్లు అన్ని పడుతయి” అన్నాడు.

అత్తమ్మకు ఈత రాదు. ఆ నీళ్ళంటేనే ఆమెకు మొదట్నుంచీ గుబులు. చేపలు పట్టేవాళ్ళు థర్మాకోల్ తెప్పల మీద కూర్చుని పోవడం రోజూ చూసేది. “గదే తీసుకోరాదుండ్రి. నీళ్ళు నిండినా తేలుతదట” అంది మెల్లగా.

“ఏమే, థర్మాకోల్ పెండ్లి స్టేజీలకు కడుతరు. గదాన్ని నమ్మి నీళ్ళల్లకు పోతమా?” అని మామ నవ్వాడు. మేమూ నవ్వాం.

పడవకు పూజ చేసిన రోజు సాయంత్రం గాలి లేచింది. ముందు వాళ్ళిద్దరే ఎక్కారు. మేము మా వంతు కోసం కట్ట మీద నిలబడ్డాం. నడిమికి పోయి మళ్ళుతుంటే అడ్డంగా వచ్చిన అల లోపలికి దూకింది. ఆ ఖాళీ అరలన్నీ నిండాయి. మేము కేక పెట్టేలోపే పడవ కనబడకుండా పోయింది. మామ గజ ఈతగాడు. చేపలవాళ్ళు తెప్పలతో అందేదాకా అత్తమ్మను జుట్టు పట్టి నీళ్ళపైన నిలిపాడు. ఆమెను తెప్ప మీదికి నెట్టాడు. తను పట్టుకోవడానికి చేతుల్లో సత్తువ మిగల్లేదు. అయ్యో, మా కళ్ళ ముందే మునిగిపోయాడు!

అత్తమ్మ ఆయన్ని ఒక్క మాట అనదు. ఎప్పుడు పోయినా చాయ్ పోస్తూ ఒకటే అడుగుతుంది. “నేను గంత మెల్లగ ఎందుకన్న బిడ్డా? గట్టిగ ఒర్రితె ఇనకపోతుండెనా?”

మేమంతా నవ్విన ఆ ఘడియ మాకు ఎప్పుడో గడిచిపోయింది, ఆమెకు ఇంకా గడవలేదు.