మా వదిన ఎవరినీ బ్లాక్ చేయలేదు

మా వదిన పోయింది. ఆ కబురు నందిగామ నుంచి మా అన్నయ్యే స్వయంగా ఫోన్ చేసి చెప్పాడు. తమ్ముడికి అన్న కాక ఇంకెవరు చెబుతారు, ఇందులో వింతేముంది అనుకుంటారు మీరు. మా ఇంట్లో అది జరిగిందంటే ఆ పుణ్యం ఆవిడదే.

ఇంటి ముందు గదిలో కూర్చుని, చుట్టుపక్కల ఎరువుల కొట్లకీ లారీ ఆఫీసులకీ వెబ్‌సైట్లూ, వాటి పేరు మీద మెయిళ్లూ చూసిపెట్టేది వదిన. పొద్దున్నే, ఆ మెయిల్‌బాక్సులన్నీ ఒకచోట కనిపించే కంట్రోల్ ప్యానెల్ తెరిచేది. ఎవరి మెయిల్‌బాక్సు నిండిందో చూసుకుని, పక్కన ఇడ్లీలు చల్లారిపోతున్నా ఫోన్లు మొదలుపెట్టేది. "స్పామ్‌లో ఓసారి చూస్కోండి, మీ ఆర్డరేమన్నా అందులో పడిందేమో."

చెత్త మెయిలు ఒక్కటి కూడా రాకూడదని పట్టుబట్టేవాళ్లకి ఆవిడ జవాబు ఎప్పుడూ ఒకటే. "రాళ్లున్నాయని బియ్యం పారబోస్తామా అండి?" ఫిల్టర్ ఎంత గట్టిగా పట్టాలో చెప్పే అంకె ఒకటి సెట్టింగుల్లో ఉంటుంది. దాన్ని మరీ బిగించనిచ్చేది కాదు. అనుమానం వచ్చిన మెయిలు పక్కకి పోవాలి గానీ చెరిగిపోకూడదనేది.

ముక్త్యాల నుంచి సిమెంటు తోలే లారీలు నాకూ అన్నయ్యకీ ఉమ్మడిగా ఉండేవి. పంచుకునే దగ్గర మాటా మాటా పెరిగింది. నేను జగ్గయ్యపేటలో వేరే ఆఫీసు పెట్టుకున్నాను. మాటలు మానేసి మెయిళ్లలో తిట్టుకోవడం మొదలుపెట్టాం. ఇద్దరి మెయిల్‌బాక్సులూ చూసేది వదినే. ఆవిడ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది.

ఒకరోజు ఫోన్ చేసి, "వదినా, మీ ఆయన అడ్రసు బ్లాక్ చేసెయ్" అన్నాను.

"ఏం మరిదీ, అంత ముద్దొచ్చాడా?" అని నవ్వింది. "బ్లాక్ చేస్తే తిట్లొక్కటే ఆగవయ్యా. ఆయన మెయిళ్లన్నీ వేరే ఫోల్డర్లో పడేట్టు పెడతా. నీ కళ్ల ముందుకి రావు. కోపం తగ్గాక చూస్కో. ఆయనా నీ గురించి ఇదే అడిగాడు. ఆయనకీ ఇదే పెట్టా."

చాలాకాలం నేను ఆ ఫోల్డర్ వైపు పోలేదు. వదినే అప్పుడప్పుడు ఫోన్ చేసి, "చూశావా?" అని పోరేది. ఉన్నట్టుండి ఆ ఫోన్లు ఆగిపోయాయి. చేస్తే ఎత్తలేదు. మనసాగక ఫోల్డర్ తెరిచాను. పాత తిట్లన్నిటికీ పైన, ఆ పొద్దున వచ్చిన చిన్న మెయిలుంది. "మీ వదినకి బాగోలేదు. విజయవాడ తీసుకెళ్తున్నా. ఒక్కణ్ణే ఉన్నా."

వెంటనే బయల్దేరాను. ఆసుపత్రి మంచం మీద నుంచి వదిన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "నన్ను చూడ్డానికొచ్చావా, ఆయనతో తేల్చుకోడానికా?" అంది. అన్నయ్య నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఆవిడ బతికిన కొద్ది నెలలూ అన్నదమ్ములం కలిసే తిరిగాం. ఆవిడ ఋణం ఈ జన్మకి తీరదు.

పెద్దకర్మ అయ్యాక ఇద్దరం కూర్చుని ఆవిడ మెయిల్‌బాక్సు తెరిచాం. కబురు తెలియని ఎరువుల కొట్టాయన ఒకరు రాశారు. "మేడం గారూ, ఒంట్లో కులాసాయేనా? మాకొచ్చే మెయిల్స్ ఆగిపోయినయ్. తొందరేం లేదండి, మీరు లేచి తిరిగాకే చూడండి."

"నువ్వు రాయరా, నావల్ల కాదు" అన్నాడు అన్నయ్య.

కీబోర్డు దగ్గరికి లాక్కుని "నమస్కారమండి" అని కొట్టాను. అక్కడి నుంచి వేళ్లు కదల్లేదు. అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు.