సీఫస్ టాలివర్ విసరని తువ్వాలు

సీఫస్ టాలివర్ డబ్బుకి ఆశపడి సొంత తమ్ముణ్ణి చంపుకున్నాడని ఈ చలికాలమంతా మా వీధిలో ఒకటే గుసగుస. కామ్డెన్‌లో పందెగాళ్ల దగ్గర డబ్బు తీసుకున్నాడట. బాక్సింగ్ రింగులో తమ్ముడు చావుదెబ్బలు తింటుంటే తువ్వాలు విసరకుండా చూస్తూ నిలబడ్డాడట. బాక్సరు తరఫున మూలన నిలబడ్డవాడు రింగులోకి తువ్వాలు విసిరితే "మావాడు ఓడిపోయాడు, ఇక ఆపండి" అని అర్థం.

ఈ మాట ఎవరి నోట పుట్టిందో నాలుగు రోజుల్లో కనిపెట్టాను. బస్సు డ్రైవరు వార్డెల్ నోట. అతనికి చెప్పింది కామ్డెన్‌లో వాళ్ల వదినగారి అన్న. ఆ అన్నకి ఎవరు చెప్పారో ఆయనకే గుర్తులేదు. తలాతోకా లేని మాట, నది దాటి నార్త్ ఫిలడెల్ఫియాలో నా గుమ్మం మెట్ల దాకా వచ్చి కూర్చుంది. ఇది అబద్ధం. ఎందుకు అబద్ధమో చెప్పగలిగినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే.

సీఫస్ మా ఎదురింటివాడు. టోపీల ఫ్యాక్టరీ మూతపడేదాకా అందులో ఆవిరి మీద టోపీలు సాగదీసేవాడు. అరవై ఏళ్లొచ్చాయి, పెళ్లి చేసుకోలేదు. తల్లి పోతూ పోతూ తమ్ముడు లిన్‌వుడ్ చెయ్యి ఇతని చేతిలో పెట్టి పోయింది. లిన్‌వుడ్ హెవీవెయిట్ బాక్సరు అయ్యాడు. నవ్వితే మా ఇంటి గోడలు అదిరేవి. వాడి మూలన నీళ్లసీసా, బకెట్టు, భుజం మీద తువ్వాలుతో నిలబడేది సీఫసే. ఇరవై రెండేళ్లకి, 1957 నవంబరులో, కామ్డెన్‌లో ఒక హాల్లో కొట్లాడిన మూడో రోజున ఆసుపత్రిలో లిన్‌వుడ్ పోయాడు. అప్పటికి కూతురు ఆర్నెట్టా ఇంకా తల్లి కడుపులోనే ఉంది. తరవాత ఆ తల్లీ పోయింది. సీఫస్‌కి ఈ లోకంలో మిగిలిన రక్తసంబంధం ఆర్నెట్టా ఒక్కతే. ప్రతి ఆదివారం చర్చి నుంచి వస్తూ కోడికూర, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె పళ్లెంలో పెట్టి, మీద గుడ్డ కప్పి తెచ్చేది. మూడు ఆదివారాలుగా ఆ పళ్లెం రావడం లేదు. మా కిటికీలోంచి అన్నీ కనిపిస్తాయి.

ఇక గాడ్స్‌డెన్ మంగలి షాపు సంగతి. శనివారాలు అక్కడికి చిలగడదుంప కూరి కాల్చిన పైలు అమ్మడానికి వెళ్తాను. పైలు ఒక వంక. అసలు వెళ్లేది వినడానికి. అక్కడ మగవాళ్లు చచ్చిపోయిన బాక్సర్లని, బతికున్న బాక్సర్లని, తాతలని, మనవలని మాటల్లోనే ఒకే రింగులోకి దించుతారు. అద్దం పైన గాడ్స్‌డెన్ అట్టముక్క మీద ఒక రూలు రాసి అంటించాడు: ఎవరినైనా వాడి మంచి వయసులోనే దించాలి. అంటే, ముసలివాడై ఓడిపోయిన జో లూయీని తెచ్చి ఎవడికో బలిపెడితే కుదరదు. వాడి అన్నిటికన్నా మంచి ఏడాది ఏదో ముందు చెప్పాలి. నలుగురూ ఒప్పుకోవాలి. అప్పుడే గంట. సగం శనివారం ఆ ఏడాది తేలడానికే సరిపోతుంది.

గంట కొట్టేది, ఆట చెప్పేది సీఫస్. మంగలి లేని మూడో కుర్చీ అతనిది. దువ్వెనతో నీళ్లగిన్నె మీద టంగుమనిపించి, రేడియోలో చెప్పినట్టు గుద్దు గుద్దుకీ చెబుతాడు. గొంతు పెంచడు. షాపంతా చెవులు రిక్కించి వినాల్సిందే.

ఇరవై ఏళ్లకి పైగా విన్నాను గనక నాకు రెండు సంగతులు పట్టుబడ్డాయి. అతని ఆటల్లో ఎవడూ స్పృహ తప్పి పడిపోడు. మోకాలు వణికిందో లేదో, మూల నుంచి తువ్వాలు వచ్చి పడుతుంది. ఆట అయిపోతుంది. మగవాళ్లు మండిపడతారు, మళ్లీ శనివారం వచ్చి కూర్చుంటారు. రెండోది, గడ్డం గీయించుకున్నాక మొహం మీద వేడి తువ్వాలు కప్పబోతే వద్దంటాడు. నురగ చేత్తోనే తుడుచుకుంటాడు.

పళ్లెం రాని మూడో ఆదివారం నేనే ఆర్నెట్టా ఇంటికి వెళ్లాను.

"ఏమే, మీ పెదనాన్న మూడు వారాలుగా డబ్బా సూపు తాగుతున్నాడు. చెత్తబుట్టలో డబ్బాలు చూశాను."

"మీరు మా పెదనాన్న చెత్తబుట్ట కూడా చూస్తారా, మిస్ ఒర్లీన్?"

"మూత లేకపోతే చూడనా? మాట తప్పించకు. వార్డెల్ వాగుడు నమ్మావా?"

ఆ పిల్ల చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "డబ్బు సంగతి నాకు తెలీదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నా. ఆ షాపులో ప్రపంచంలో ఉన్న బాక్సర్లందరి పేర్లూ ఎత్తుతాడు. మా నాన్న పేరు ఒక్కసారి ఎత్తలేదు. ఒక్కసారి! మనసులో ఏ మచ్చా లేనివాడు తమ్ముడి పేరెందుకు ఎత్తడు? చెప్పండి."

నాకు తెలిసింది మాత్రం చెప్పాను. ఆ రోజుల్లో నేను బట్టలు ఉతికి బతికేదాన్ని. అన్నదమ్ములిద్దరి తువ్వాళ్లూ నేనే ఉతికి ఇస్త్రీ చేసేదాన్ని. కామ్డెన్‌కి బయల్దేరే రోజు మా మెట్ల దగ్గరే లిన్‌వుడ్ అన్నతో ఒట్టు వేయించుకున్నాడు. "పోయినసారి నువ్వు తువ్వాలు విసిరావని వీధంతా నన్ను ఆడపిల్లంది. ఇవాళ విసిరావంటే నువ్వు నాకు అన్నవి కావు. అమ్మ మీద ఒట్టెయ్" అన్నాడు. సీఫస్ వేశాడు. రెండ్రోజుల తరవాత ఆసుపత్రి నుంచి తిన్నగా నా దగ్గరికి వచ్చి తువ్వాళ్ల మూట ఇచ్చాడు. అప్పుడు కూడా ఉతకాలనే తోచింది అతనికి. పెద్ద తువ్వాలు విప్పి చూశాను. దాని ఒక కొస కొరికి కొరికి చిల్లులు పడింది. చిల్లుల చుట్టూ రక్తం. లిన్‌వుడ్‌ది కాదు, సీఫస్ చిగుళ్లది.

"డబ్బు తిన్నవాడు తువ్వాలెందుకు కొరుక్కుంటాడే?" అన్నాను.

ఆర్నెట్టా పక్కన పెట్టిన గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకుంది. తరవాత, "అయితే నేనే అడుగుతాను" అంది. శనివారం షాపుకి రమ్మన్నాను. ఆడవాళ్లు అక్కడ కూర్చోరు. పైలు మోయడానికి తోడు తెచ్చుకున్నానని చెబుతానన్నాను.

ఆ శనివారం బయట మంచు కరిగి నల్లగా బురద. షాపులో ఆట జాక్ జాన్సన్‌కీ జో లూయీకీ. ఏళ్లు తేలేసరికి రెండు గంటలు పట్టింది. జాన్సన్‌కి 1909, లూయీకి 1938.

"టంగ్" అంది గిన్నె.

"జాన్సన్ నవ్వుతున్నాడు. బంగారు పళ్లు కనిపిస్తున్నాయి. లూయీ మొహంలో ఏమీ లేదు" అని మొదలుపెట్టాడు సీఫస్. ఎనిమిదో రౌండు దాకా జాన్సన్ ప్రతి దెబ్బా గాల్లోనే పట్టుకున్నాడు. లూయీ ఎడంచెయ్యి వేసి దించుకున్నప్పుడల్లా జాన్సన్ పైనుంచి కుడిచెయ్యి వేశాడు. తొమ్మిదిలో లూయీ జాన్సన్ పొట్ట మీద గుద్దడం మొదలుపెట్టాడు. పదిలో జాన్సన్ నవ్వు పోయింది. షాపులో కత్తెరలు ఆగిపోయాయి.

"పదకొండో రౌండు. లూయీ కుడిచెయ్యి. ఆరంగుళాల దూరం నుంచే. జాన్సన్ మోకాలు..." సీఫస్ ఆగాడు. "తువ్వాలు పడింది."

"ఛీ!" అన్నాడు వార్డెల్ కుర్చీలోంచి లేచి. సగం తల గీసి ఉంది, సగం లేదు. "జాక్ జాన్సన్‌కి తువ్వాలా? ఆయన లేచి కొట్టుంటే?"

"కూచోరా, చెవి తెగుద్ది" అన్నాడు గాడ్స్‌డెన్.

"నువ్వుండు. ప్రతి వారం ఇదే తంతు. ఎప్పుడో చచ్చిపోయి మట్టిలో కలిసినోళ్లని కాపాడతాడు ఈ పెద్దమనిషి. సొంత తమ్ముడప్పుడు తువ్వాలు ఎక్కడ పెట్టుకున్నావయ్యా?"

గాడ్స్‌డెన్ కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వార్డెల్, మిగతా సగం ఇంట్లో గీసుకో. ఫో."

వార్డెల్ పోలేదు. మెడ చుట్టూ గుడ్డతోనే నిలబడ్డాడు. అన్నాక గానీ అతనికీ అర్థం కాలేదు ఏమన్నాడో. సీఫస్ దువ్వెన పళ్లు ఒక్కొక్కటే వేలితో మీటుతున్నాడు. ఎవరివైపూ చూడలేదు.

పైల పెట్టె బల్ల మీద పెట్టి ఆర్నెట్టా మూడో కుర్చీ ముందుకి వెళ్లింది. అప్పుడు చూశాడు ఆ పిల్లని. లేవబోయాడు. భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. నవ్వినప్పుడే కాదు, నవ్వనప్పుడు కూడా దానిది వాళ్ల నాన్న మొహమే.

"పెదనాన్నా, డబ్బు సంగతి నేనడగను. అది నమ్మలేదు" అంది. "ఒకటే అడుగుతా. ఇన్నేళ్లలో ఇంతమందిని దించావు. మా నాన్నని ఒక్కసారి కూడా ఎందుకు దించలేదు?"

సీఫస్ అద్దం పైన అట్టముక్క వైపు చూశాడు. అది పసుప్పచ్చబడి ఒక మూల ఊడి వేలాడుతోంది.

"రూలు ఉందిగా తల్లీ" అన్నాడు. "మంచి వయసులో దించాలి. ఇరవై రెండుకి వాడికి ఎడంచేతి దెబ్బ ఇంకా కుదరలేదు. ఇరవై ఎనిమిదికి కుదిరేది. ఆ రాత్రి కామ్డెన్‌లో, ఏడో రౌండులో, నేను తువ్వాలు విసిరుంటే."