నీలం గీత ఉన్న గ్లాసు

నంద్యాలలో ఆ ప్లీడర్ల ఆఫీసు మెట్లెక్కుతూ నేను రెండుసార్లు వెనుదిరిగి వీధిలోకి చూశాను. ఆళ్లగడ్డ నుంచి నేను వచ్చిన బస్సులోనే మా మేనమామ పొలం చూసుకునే మనిషి కూడా దిగాడు. దిగినవాడు ఏ పనికీ పోకుండా ఎదురుగా ఉన్న బీడీ బంకు దగ్గర నిలబడిపోయాడు.

అంటరానితనాన్ని నేరంగా ప్రకటించిన చట్టం వచ్చిన కొత్త అది. నేను కాలేజీ సెలవులకు మా ఊరు ఆళ్లగడ్డకు వచ్చి ఉన్నాను. బస్టాండు దగ్గరి కాఫీ హోటల్లో ఒక సాయంత్రం, హరిజనవాడలో పుట్టి చదువుకొని బోర్డు స్కూలులో పాఠాలు చెబుతున్న అయ్యవారు లోపలికి వచ్చి నా ఎదుటి బల్ల మీద కూర్చున్నారు. హోటలు యజమాని ఆయనను చొక్కా పట్టి వీధిలోకి నెట్టాడు. నేను గ్లాసు చేత్తో పట్టుకొని కూర్చునే ఉన్నాను. మర్నాడు సిగ్గు ఆపుకోలేక ఆయన ఇంటికి వెళ్లి, సాక్ష్యం చెబుతానని మాట ఇచ్చాను.

పోలీసులు కేసు రాసుకోలేదు. ఈ ఇద్దరు ప్లీడర్లే ఫీజు అడగకుండా మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు వేశారు. అయ్యవారు తాగివచ్చి గొడవ చేశాడని, తన హోటల్లో అందరికీ ఒకే గ్లాసులని యజమాని వాదన. కేసు ఓడిపోతే అయ్యవారిని ఊళ్లో ఉండనివ్వరు. ఆ రోజు చూసినవాళ్లలో నోరు విప్పుతానన్నది నేనొక్కణ్ణే.

పెద్ద ప్లీడరు నేను రాసుకొచ్చిన నాలుగు పేజీల ఉపన్యాసం సాంతం చదివి, మడిచి నా చేతికిచ్చారు.

"బాగుందప్పా. దీనికి మీ కాలేజీలో కప్పు ఇస్తారు. కోర్టులో చదివితే మాత్రం అవతలి ప్లీడరు లడ్లు పంచుతాడు."

చిన్న ప్లీడరు నవ్వలేదు. ఆయన తండ్రి మిషన్ బడిలో పనిచేసిన క్రైస్తవుడని అయ్యవారు చెప్పి ఉన్నారు. ఆయన కలం మూత తీసి అడిగారు.

"హరిజనవాడోళ్లకు ఇచ్చే గ్లాసులు యాడ పెడతారు?"

"బయట ఎక్కడో..."

"బయట యాడ? వాటికి గుర్తేమన్నా ఉందా? తాగినాక ఎవురు కడుగుతారు?"

చేతిలోని మడత విప్పి చూశాను; నాలుగు పేజీల్లో ఎక్కడా గ్లాసు మాట లేదు.

"ఎన్నేండ్లుగా తాగుతాండావ్ ఆ హోటల్లో?"

"పదేళ్లు."

"పదేండ్లు," అని ఆయన ఏమీ రాసుకోకుండానే కలం మూత పెట్టేశారు.

అయ్యవారే ఇవన్నీ చెబుతారు కదా అన్నాను. పెద్ద ప్లీడరు నా వైపు జాలిగా చూశారు. "ఆయప్ప చెప్తాడు. ఆయప్ప మాట ఎవురూ నమ్మరనే గదా నిన్ను పిలిచింది. పోయి కండ్లతో చూసి రాప్పా. భయమైతే పోవద్దు. నీకు బదులు ఇంకోడు లేడు, అంతే."

కాలేజీ డిబేట్లలో ఏ పక్షాన మాట్లాడాలో చీటీ తీసి తెలుసుకునేవాళ్లం. గంట కొట్టగానే రెండు పక్షాలవాళ్లమూ ఒకే బల్ల దగ్గర టిఫిను తినేవాళ్లం. పలికిన మాట కోసం బయట ఒక మనిషి కాచుకొని ఉండవచ్చునన్న ఊహ నాకు ఏనాడూ కలగలేదు. మెట్లు దిగి చూస్తే అతను బంకు దగ్గరే ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం హోటల్లోకి అడుగుపెట్టేసరికి అందరూ మాటలు ఆపేశారు. యజమాని పక్షాన నిలబడిన మా మేనమామ గోడ వారగా కూర్చొని ఉన్నాడు. ఆయనను చూడగానే నా కాళ్లు వెనక్కే లాగాయి.

"ఏరా అల్లుడూ, నంద్యాల కాఫీ బాగుండ్లేదా?" అన్నాడు. ఎవరో నవ్వారు. "కూచోవద్దు. నువ్వు యాడ నిలబడాల్నో నువ్వే తేల్చుకుంటివి గదా. ఏమప్పా, వీనికి బయట గ్లాసులో పొయ్యి."

యజమాని తటపటాయించాడు. మామ మళ్లీ అన్నాడు: "పొయ్యప్పా. రుచి తెలియనీ."

నేను బయటికి నడిచాను. పారిపోవడానికి వీధి తెరిచే ఉంది. పారిపోతే వెనక వినిపించబోయే నవ్వు ఒక్కటే నన్ను ఆపింది. నీళ్ల తొట్టి పక్కన, కుడిచేతి గోడలో ఒక గూడు. అందులో బోర్లించిన గ్లాసులు మూడు. ఒక్కొక్కదాని అడుగున, ఎద్దుల కొమ్ములకు పూసే నీలం రంగుతో ఒక గీత. ఒకటి తీసుకొని పట్టాను. యజమాని తన గిన్నె తగలకుండా మూరెడు ఎత్తు నుంచి పోశాడు. సగం కాఫీ నా వేళ్ల మీద పడింది. మిగిలింది తాగాను.

"కడిగి పెట్టు!" లోపలి నుంచి మామ గొంతు. కడిగి, గూట్లో బోర్లించాను.

వాయిదా నాడు మామ నంద్యాల కోర్టు హాలులో మొదటి వరుసలో కూర్చున్నాడు. నేను ఆయన ముందు నుంచే నడిచి బోనెక్కాను. చిన్న ప్లీడరు అవే మూడు ప్రశ్నలు అడిగారు. కుడిచేతి గోడలోని గూడు అన్నాను. అడుగున నీలం గీత అన్నాను.

"కడిగేది ఎవరు?"

"తాగినవాళ్లే."

అవతలి ప్లీడరు లేచాడు. "బాబూ, మీరు కాలేజీలో ఏ పక్షం చీటీ వస్తే ఆ పక్షం మాట్లాడతారట. అవునా? మరి ఇది మీకెట్లా తెలుసు?"

"అవునండీ, మాట్లాడతాను. ఇది మాత్రం నేనే కడిగి పెట్టాను. మా మామ కడగమన్నారు. ఇక్కడే ఉన్నారు, అడగండి."

మామ తల తిప్పుకున్నాడు. గుమాస్తా నా మాట రాసుకున్నాడు.

బయట బస్సు కోసం నిలబడినప్పుడు అయ్యవారు నా పక్కకు వచ్చారు. కృతజ్ఞతలు చెబుతారనుకున్నాను, అనుకున్నందుకు నేటికీ సిగ్గుపడుతున్నాను.

"నేను ఏండ్ల తరబడి కడిగినానప్పా," అన్నారు. "నువ్వు ఒక్కతూరి కడిగితే కోర్టు రాసుకునె."

ఆ కేసులో జరిమానా పడుతుందని, అయ్యవారు ఆ ఊళ్లోనే ఉండి పదవీ విరమణ చేస్తారని ఆనాడు మాకు తెలియదు. ఆళ్లగడ్డ బస్సు వచ్చి ఆగింది. ముందు సీట్లో మామ, ఆయన పక్కన ఆ పొలం మనిషి అప్పటికే కూర్చొని ఉన్నారు. నేను తరువాతి బస్సుకు పోదామనబోయాను. అయ్యవారు అప్పటికే మెట్టు మీద కాలు పెట్టారు.