వానను ఆపమని వర్షాబెన్‌ని అడిగిన రోజు

మా పాప కోసం కొన్న రెయిన్‌కోటు మడత విప్పగానే వచ్చిన ప్లాస్టిక్ వాసన నన్ను, చిన్నప్పుడు బతుకుదెరువుకు వలసపోయి మేమున్న డిండోలిలోని మా పాత గల్లీకి తీసుకుపోయింది.

నాకప్పుడు ఆరేళ్లు. నాన్న పాండేసరలో బట్టలకు రంగులేసే మిల్లుకు సైకిల్ మీద వెళ్లేవాడు. అక్కడ రంగులు కలిపే మేస్త్రీ పేరు రంగయ్య. మా గల్లీలో ఉండే వర్షాబెన్, అంటే వర్షక్క, కేబుల్ టీవీలో వాతావరణ వార్తలు చదివేది. రంగయ్య చేతిలో రంగులున్నట్టే ఆమె చేతిలో వాన ఉంటుందని నేను గట్టిగా నమ్మాను.

ఆ వానాకాలం నాన్న తడిసి జ్వరం తెచ్చుకున్నాడు. అమ్మ కొన్న రెయిన్‌కోటు ముట్టేవాడు కాదు. జ్వరం పూర్తిగా తగ్గకుండానే రేపు పనికి పోతానన్నాడు. నేను వర్షాబెన్ ఇంటికి పరుగెత్తి, నాన్న రెయిన్‌కోటు వేసుకోడని చెప్పి, ఆయన తిరిగొచ్చేదాకా వాన ఆపమని వచ్చీరాని హిందీలో అడిగాను.

ఆమె నవ్వలేదు. "వాన నా మాట వినదు బేటా. మీ నాన్న వింటాడేమో చూద్దాం," అంది.

ఆ సాయంత్రం టీవీలో వార్తల చివర, పాండేసరకు సైకిల్ మీద వెళ్లేవాళ్లు రెయిన్‌కోటు మరిచిపోవద్దని చెప్పింది.

"ఏందే, నా గురించే చెప్తున్నదా?" అన్నాడు నాన్న.

"నేను చెప్తే ఇనవు, టీవీ చెప్తే ఇంటవా?" అంది అమ్మ.

మర్నాడు నాన్న రెయిన్‌కోటు తొడుక్కుని వెళ్లాడు. వాన కురుస్తూనే ఉంది.

రేపు పాప మొదటిసారి స్కూల్ వ్యాన్ ఎక్కుతుంది. ఫోన్‌లో వాతావరణం ఇప్పటికి నాలుగుసార్లు చూశాను. వాన తప్పదు. రెయిన్‌కోటు మళ్లీ మడిచి, పాప చేతికి అందేలా సంచిలో అన్నిటికంటే పైన పెట్టాను.