పంటు మీద నమస్కారం

నేను ఇంతకాలం ఏమీ రాయకపోవడానికి కారణం అక్షరాలు రాకపోవడమే. మా నాన్న నా తమ్ముళ్ళిద్దరినీ బడిలో వేసి, వాళ్ళు ఎగ్గొట్టకుండా చూసే పని నాకు అప్పగించాడు. ఎండైనా వానైనా బడి గుమ్మం దాకా వెళ్ళినదాన్నీ నేనే, లోపలికి వెళ్ళనిదాన్నీ నేనే. నలభై దాటాక మా అమ్మాయి బడిలో వెనక బల్ల మీద కూర్చుని, ఆ పిల్లల కోసం గోడకి అంటించిన బొమ్మల కింద పేర్లు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. ఆ బడికి పిల్లని చేర్చడానికి పడ్డ పాట్లే ఇవి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మా అమ్మాయికి పదకొండేళ్ళు. ఆటిజం అన్నారు. మాటలు తక్కువ, పంతం ఎక్కువ. మాది సఖినేటిపల్లి దగ్గర, అలాంటి పిల్లల బడి గోదావరి అవతల నరసాపురంలో. మనుషుల్నీ లారీల్నీ కలిపి దాటించే పంటు మీద వెళ్ళాలి. పంటు రేవుకి తగలగానే అందరూ ఎక్కే ఇనప పలక దబ్బున ఒడ్డు మీద పడుతుంది. ఆ చప్పుడుకి మా అమ్మాయి మట్టిలో కూర్చుండిపోయేది. లాగితే అరిచేది. ఒకాయన నిమ్మకాయ తిప్పమనేవాడు, ఒకావిడ వీపు మీద రెండు తగిలించమనేది.

బడి టీచరు గారు మాత్రం వీడియో తీయించమన్నారు.

"ఎవరో ఒక్కరు పంటు ఎక్కి కూర్చోవడం తీయించి, రోజూ చూపించండి. వీళ్ళు చెప్పింది వినకపోయినా చూసింది పట్టుకుంటారు. కెమెరా వైపు చూడకూడదు, పాటలు పెట్టకూడదు. మామూలుగా ఎక్కాలి, అంతే."

బడి తెరిచేసరికి పిల్ల రాలేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని కూడా అన్నారు.

మా ఆయన మస్కట్‌లో ఉండేవారు. ఇంట్లో పెత్తనం మా బావగారిది. పంచాయతీ ఎన్నికల్లో రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడిపోయిన మనిషి.

"మామూలుగా ఎక్కేదానికి వీడియో ఎందుకమ్మా?" అన్నారు.

"టీచరు గారు అలాగే తీయమన్నారండి, బావగారూ."

"ఆవిడకేం తెలుసు. పిల్ల మళ్ళీ మళ్ళీ చూసేదాన్ని కాస్త దర్జాగా తీయించాలి."

పెళ్ళిళ్ళకి వీడియో తీసే అతన్ని పిలిపించారు. పిలవకుండా చుట్టాలు వచ్చారు. మా తోటికోడలు నడివేసవి మధ్యాహ్నం రేవులోకి పట్టుచీర కట్టుకొచ్చింది. "నేను ఒడ్డున ఉంటాలే. వీడియోలో పడితే పడతాను," అంది. ఎక్కే వేషం బావగారిది. ఇస్త్రీ పంచె, భుజం మీద కండువా. పలక మీదికి నడిచి, ఆగి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ తల మీదికెత్తి నమస్కారం పెట్టారు. కండువా సర్దుకుని కుడిచెయ్యి ఊపారు. అప్పుడు లోపలికెళ్ళి కూర్చున్నారు. ఆ నమస్కారం అందుకున్నవి నాలుగు మేకలూ, ఒక కొబ్బరికాయల లారీ.

సీడీ వచ్చింది. బావగారు నడుస్తుంటే పైనుంచి గులాబీ రేకులు రాలాయి. వెనక సన్నాయి. ఆయన పలక మీద ఆగగానే చుట్టూ లవ్ గుర్తు వచ్చి గిరగిరా తిరిగింది. టీచరు గారు చివరిదాకా చూశారు.

"ఇంకోటి తీయించే టైము లేదు కదండీ. సౌండు తీసేసి ఇదే చూపించండి," అన్నారు.

చూపించాను. అది అన్నం తింటూ చూసేది, తిన్నాక చూసేది. మా ఇంట్లో ఆ సీడీని నవ్వకుండా చూసింది ఇద్దరే, మా అమ్మాయీ బావగారూ.

బడి తెరిచిన రోజు రేవుకి వెళ్ళాం. తన గొప్ప చూపించడానికి బావగారు నలుగురిని వెంటబెట్టుకొచ్చారు. పలక దబ్బున పడింది. నేను పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అది విడిపించుకుని నడిచి పలక ఎక్కింది. ఆగింది. వెనక్కి తిరిగి, రెండు చేతులూ తల మీదికెత్తి నమస్కారం పెట్టింది. లేని కండువా సర్దుకుని కుడిచెయ్యి ఊపడం మొదలుపెట్టింది.

"ఎవరమ్మా ఈవిడ? ఓట్లకి వచ్చేరా?" అంది చేపల బుట్ట దించుతున్న ఒకావిడ.

"ఆయ్, మా ఓటు తమకేనండి. కాస్త లోపలికి దయచేస్తే లారీ ఎక్కుద్ది," అన్నాడు టికెట్లు ఇచ్చే అతను.

"అచ్చం మీరేనండి," అన్నాడు బావగారి పక్కనున్నాయన.

రేవంతా నవ్వింది. మా అమ్మాయి చెయ్యి ఊపడం పూర్తి చేసుకుని, లోపలికెళ్ళి బల్ల మీద కూర్చుంది. నాకు అదొక్కటే కనిపించింది, కూర్చుంది.

సాయంత్రం బావగారు నన్ను పిలిచారు.

"ఆ నమస్కారం ముక్క కోయించి కొత్త సీడీ చేయిస్తాను. పిల్ల అది మానేదాకా రేవుకి తీసుకెళ్ళకు. నలుగురిలో పరువు పోతోంది."

"అప్పటికి బడిలో చోటు పోతుందండి."

"పోతే పోయింది. కలెక్టరవుద్దా ఏంటి?"

అది రేవు మట్టిలో కూర్చుని అరిచినన్నాళ్ళూ ఆయన పరువుకి ఏమీ కాలేదు. ఆయనలాగా నిలబడేసరికి పోయింది.

మర్నాడు పొద్దున్న పిల్లకి జడ వేసి, అన్నం బాక్సు సర్ది, బావగారు వాకిట్లో పేపరు చదువుకుంటుంటే ఆయన ముందునుంచే తీసుకెళ్ళాను. పంటు వచ్చింది. అది పలక మీద ఆగి నమస్కారం పెట్టింది. వెనక జనం నవ్వడం మొదలుపెట్టారు. నేను దాని పక్కన నిలబడి, రేవు వైపు తిరిగి, నా రెండు చేతులూ తల మీదికెత్తాను.